అన్నకు చెప్పని మరమ్మతు

మొన్న మా మనవడు సువా పట్నంలో కొన్న కొత్త రివాల్వరు తెచ్చి, మీట నొక్కితే చాలు తాతా, నీ పాతదానిలా ప్రతి గుండుకూ బొటనవేలితో వెనక సుత్తి లాగనక్కర్లేదు అని తెగ మురిసిపోయాడు. ఎవరేమన్నా నాకు ఆ పాతదే ఇష్టం. ఆదివారాలు చెరకు గట్టున కొబ్బరిచిప్పలు నిలబెట్టి కాలుస్తూ ఇంత వయసు తెచ్చుకున్నాను. సుత్తి లాగితే టక్కుమనే ఆ చప్పుడుకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది, ఆ వెంటనే సిగ్గూ వేస్తుంది.

సముద్రం దాటి ఈ దీవికొచ్చి ఒప్పందపు కూలీలుగా పనిచేసిన గిర్మిట్ రోజుల్లో, ద్రాసా వైపు చెరకు తోటలో, అది మా కులంబర్‌ది, అంటే మాచేత చాకిరీ చేయించే తెల్లదొరది. కమ్మరింట పుట్టినవాణ్ణని తెలిసి, దాన్ని తుడిచి నూనె పెట్టే పని నాకు అప్పగించాడు. లైన్లలో, మా కూలీల గదుల వరసల్లో, అందరికీ దాన్ని చూస్తే హడలు, నాకేమో ముద్దు, ఏం చెప్పమంటారు! ఒక ఆదివారం విప్పి చూద్దును గదా, లోపలి స్ప్రింగు విరిగి ఉంది. అది నడుముకు వేలాడేదే గాని ఎన్నడూ పేల్చింది లేదు గనక దొరకు తెలియదు. నాతో ఒకే ఓడలో వచ్చిన జహాజీ అన్నకు మాత్రం చెవిలో వేశాను.

"డరొద్దు అన్నా, ఆ బందూక్ ఖరాబ్ అయిపోయింది, పేలదు."

మాలో జహాజీ మాటంటే తోడబుట్టినవాడి మాటే, దాన్ని మళ్ళీ తరచి అడగడమన్నది ఉండదు.

అంతటితో ఊరుకున్నానా? అంత చక్కటి వస్తువు చచ్చుగా పడి ఉంటే చెయ్యి ఊరుకోలేదు. పాత రంపపు ముక్కను ఆకురాయితో అరగదీసి స్ప్రింగు చేసి బిగించేశాను. అన్నకు చెబితే దొర తొత్తువయ్యావా అంటాడని జంకి, రేపు చెబుదాంలే అనుకున్నాను. ఆ రేపు వచ్చేలోగానే, జ్వరంతో పడి ఉన్న వదినను పొలానికి ఈడ్చుకుపోవడానికి దొర లైన్లకు వచ్చాడు. అన్న గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. దొర రివాల్వరు తీసి సుత్తి లాగాడు, టక్కుమంది. అన్న నావైపు చూసి, చిన్నగా నవ్వి, ముందుకు అడుగు వేశాడు. గుండు మోకాలు చీల్చుకుపోయింది.

గిర్మిట్ తీరాక మేమిద్దరం పక్కపక్కనే చెరకు వేసుకున్నాం. దొర దేశం విడిచిపోతూ ఆ రివాల్వరు నాకే ఇస్తే, సిగ్గులేకుండా పుచ్చుకున్నాను కూడా. అన్న కుంటుతూ వచ్చి నా పక్కన కూర్చుని నేను కాల్చడం చూసేవాడు. దొర ఎక్కడో బాగు చేయించి ఉంటాడు, నీ తప్పేముందిరా తమ్ముడూ అని నన్నే ఓదార్చేవాడు. కిందటేడు అన్న పోయాడు. చివరిదాకా నేను నోరు విప్పలేదు.

ఈ కాలం రివాల్వర్లు నొక్కగానే పేలిపోతాయి, మనవడికి అదే గొప్ప. నా పాతదానిలో టక్కుమన్నాక గుండు వెళ్ళేలోగా ఒక క్షణం ఉంటుంది, అన్నా ఆగు అని అరవడానికి సరిపడా. ఆ రోజు నాకు వ్యవధి లేదని ఎవరితో బొంకను? ఆ చప్పుడు వినగానే, నేను బిగించిన స్ప్రింగు పట్టిందని, గుండు పేలుతుందని నాకే ముందు తెలిసింది.