ఇంజను గొంతు పట్టిన మొనగాడు

పరుగెత్తే ఆవిరి ఇంజను గొంతు పట్టుకుని కుయ్యో మొర్రో అనిపించిన మొనగాడు భూప్రపంచం మొత్తం మీద ఒక్కడే. కలప కోత మిల్లులో ఇంజను డ్రైవరు. అందరికీ ఆవిరి బావ. నమ్మనివాళ్లు వెళ్లి ఇంజనునే అడగవచ్చు.

ఇంజనులో పని ముగించిన ఆవిరి లావుపాటి గొట్టం గుండా కప్పు మీదికి భుస్సుమంటూ పోయేది. అంత వేడి ఊరికే గాలిలో కలిసిపోతుంటే ఆవిరి బావ ప్రాణం ఉసూరుమంది. లావు గొట్టం ఊడబీకి, సన్నది బిగించి, వంపులు తిప్పి తిప్పి, కొసను కూలీల స్నానాల తొట్టి నీళ్లలో ముంచాడు. పొద్దు వాలేసరికి నీళ్లు పొగలు కక్కాయి. ఒంటి మీది రంపపు పొట్టు కడుక్కుంటూ కూలీలు, "నువ్వు మనిషివి కాదు బావా, మహారాజువి!" అన్నారు. ఆ రోజు నుంచి ఆవిరి బావ మీసం కిందికి దిగలేదు.

దిగింది ఇంజను వేగం. దుంగ సగంలోకి వచ్చేసరికి రంపం మూలగసాగింది. బాయిలరు మాత్రం ఎన్ని కట్టెలు వేసినా మింగేస్తోంది.

"ఏమయ్యా, ఏమిటిది?" అని యజమాని నిలదీశాడు.

"పొయ్యి దగ్గర మనిషికి మంట వేయడం రావట్లేదండీ," అన్నాడు ఆవిరి బావ తడుముకోకుండా.

ఆ మనిషి స్వయానా ఆవిరి బావ భార్యకు తమ్ముడు. పాపం, అరచేతులు బొబ్బలెక్కేలా కట్టెలు వేశాడు. రంపం మూలుగు మానలేదు. రేపటి నుంచి రావద్దన్నాడు యజమాని.

"బావా, నువ్వైనా ఒక మాట చెప్పవా? మంట వెయ్యడం కూడా చేతకాలేదని అక్కతో ఎట్లా చెప్పను?" అన్నాడు బామ్మర్ది.

ఆవిరి బావ బాయిలరు మీటరు వంక చూశాడు. మంట తక్కువైతే ముల్లు పడిపోవాలి. అది నిండుగా నిలబడి ఉంది. మరి ఇంజను బలమంతా ఎక్కడికి పోతోంది? చూపు మెల్లగా తన సన్న గొట్టం మీదికి పాకింది. పనైపోయిన ఆవిరి తొందరగా బయటపడే దారి లేక పిస్టనును ఎదురు తంతోంది. కొత్త ఆవిరి బలంలో చాలావరకు ఆ పాతదాన్ని గెంటడానికే సరిపోతోంది.

నోరు మూసుకుంటే మీసం నిలుస్తుంది, బామ్మర్ది పోతాడు. అరక్షణం నోరు మూసుకున్నాడు కూడా. తర్వాత అతన్ని నిద్రపోనివ్వనిది ఆ అరక్షణమే.

ఇంజను ఆపి, అందరూ చూస్తుండగా పాత గొట్టం బిగించాడు. మళ్లీ నడపగానే భుస్సుమన్న చప్పుడుకు కప్పు మీది పావురాలు లేచిపోయాయి. రంపం దుంగను వెన్నముద్దలా కోసింది. స్నానాల గదిలోంచి ఒంటినిండా సబ్బుతో ఒకడు తల బయటపెట్టి, "మహారాజా! నీళ్లు చల్లారిపోయాయి!" అని కేకేశాడు.

యజమాని ఊడిన గొట్టాన్నీ ఆవిరి బావనూ మార్చి మార్చి చూశాడు. "నువ్వు పనిలోనే ఉండు," అన్నాడు బామ్మర్దితో.

ఆవిరి బావ తల ఎత్తలేదు. బామ్మర్ది బొబ్బల చేత్తోనే అతని దగ్గరి నుంచి స్పానరు అందుకుని, "అక్కతో ఏం అననులే బావా," అన్నాడు. చెంప మీద కొట్టినా అంత మండేది కాదు.

ఇప్పటికీ కొత్తగా చేరినవాళ్లకు అతన్ని చూపించి, ఉత్త చేత్తో ఇంజను గొంతు పట్టుకున్నాడని కూలీలు కోతలు కోస్తారు. అతను నవ్వడు.

"చేత్తో కాదు, సన్న గొట్టంతో. నింద మా బామ్మర్ది మీద వేశాను."