గేటు పుస్తకంలో ఆరు లైన్లు

మా మేనత్త, పక్క లాడ్జీ వాళ్ల దగ్గర ఫ్రిజ్ లంచంగా పుచ్చుకుని, మేం పనిచేసే లాడ్జీ నది ట్రిప్పు మూయించిందని మొదట టైర్ల షాపులో అన్నారు. సాయంత్రానికి ఆ ఫ్రిజ్‌కి రెండు తలుపులు వచ్చాయి. మర్నాడు లాడ్జీ లాండ్రీలో దుప్పట్లు మడతపెడుతుంటే, నాతోపాటు పనిచేసే ఆవిడ "అందులో ఐసు దానంతటదే పడుతుందటగా?" అని నన్నే అడిగింది. మా ఇంట్లో ఉన్నది లాడ్జీ వాళ్లు పారేయబోతే తెచ్చుకున్నది. దాని తలుపు మూసుకుని ఉండాలంటే కుర్చీ ఆనించాలి. ఆ మాట చెబుదామని నోరు తెరిచేలోపు ఆవిడ ఇంకొకరితో కబుర్లలో పడిపోయింది.

అత్త పద్నాలుగేళ్లుగా లాడ్జీ జీపు నడుపుతోంది. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అతిథులను నేషనల్ పార్కులోకి తీసుకెళ్లి జంతువులను చూపించి తేవడం ఆమె పని. తోటి డ్రైవర్లు ఆమెను హారన్ అంటారు. పార్కులో హారన్ కొట్టకూడదు, ఆమె గొంతును ఆపే రూలు మాత్రం ఇంకా రాలేదని వాళ్ల వేళాకోళం. ఇంట్లో కూర్చున్నా ఆమె కుడికాలు ఊరుకోదు. టీవీలో కారు మలుపు తిరిగినా, పొయ్యి మీద పాలు పొంగబోయినా నేలను గట్టిగా తొక్కుతుంది. మెడలో ఎప్పుడూ పర్మిట్ కార్డు వేలాడుతుంటుంది. అది లేని డ్రైవరుకు పార్కు గేటు తెరవరు. నేను తొమ్మిదో క్లాసులో చదువు మానేసినప్పటి నుంచి మా ఇద్దరి ఇల్లు ముఖ్యంగా ఆ కార్డు మీదే గడుస్తోంది.

పార్కు నుంచి బయటికొచ్చే ప్రతి డ్రైవరూ ఏం చూశాడో, ఎక్కడ చూశాడో గేటు దగ్గరి పుస్తకంలో రాయాలి. ఏ దారి తెరిచి ఉంచాలో, ఏది మూయాలో ఆఫీసు వాళ్లు దాన్ని బట్టే నిర్ణయిస్తారు. కానీ సాయంత్రం బండ్లన్నీ ఒక్కసారే వస్తాయి. అతిథులకు స్నానాల తొందర. అందుకని మొదటివాడు రాసినదాని కింద మిగతా అందరూ "పైదే" అని రాసి సంతకం గీకేస్తారు. ఒకసారి మొదటి డ్రైవరు ఏనుగును చూశానని కోతలు కోస్తే, ఆ రోజు పార్కులో పదకొండు ఏనుగులు తిరిగినట్టు తేలింది.

మా లాడ్జీకి పేరు తెచ్చింది ఇసుక మీద టీ. పొద్దు వాలే వేళకు జీపులు నది ఒడ్డున ఇసుకలోకి దిగుతాయి. అతిథులు కుర్చీల్లో కూర్చుని నీళ్లను చూస్తూ టీ తాగుతారు. ఒకరోజు టీ పోసే అతనికి జ్వరం వస్తే, అత్త నన్ను ఎక్కించుకుని వెళ్లింది. మాతో కలిపి ఐదు బండ్లు.

అత్త బండి తిప్పి ఆపగానే, గుప్పెడంత పిట్ట ఒకటి రెక్క ఈడ్చుకుంటూ మా ముందు పరిగెత్తింది. "అయ్యో, విరిగినట్టుంది," అంటూ అతిథులు ఫోన్లు తీశారు. నేను కప్పులు అందిస్తూ అత్తను చూశాను. ఆమె చూపు పిట్ట మీద లేదు, అది వచ్చిన వైపు ఉంది.

"దానికేం కాలేదే. మనల్ని అటు లాక్కెళ్తోంది, అంతే," అంది గొంతు తగ్గించి. ఆమె గొంతు తగ్గించగా నేను వినడం అదే మొదలు.

వంగి టైర్ల జాడ వెంట నడిచింది. గూడూ పాడూ లేకుండా ఉత్త ఇసుకలో రెండు గుడ్లు ఉన్నాయి, గులకరాళ్ల రంగులో. మూడోది టైరు అచ్చులో పచ్చగా ఇసుకకు అంటుకుపోయి ఉంది. ఇంకాస్త అవతల మరో గుంట, అందులోనూ పెంకులే.

"ఏంటి హారన్, ఉంగరం పోయిందా?" అని మీసాల డ్రైవరు తన బండిలోంచి కేకేశాడు.

"ఉంటే కదా పోవడానికి! బండి కదపకు. గుడ్లున్నాయిక్కడ."

"ఆమ్లెట్ వేయించు తల్లీ, అతిథులకు ఆకలేస్తోంది," అని నవ్వి బండి వెనక్కి తీశాడు.

అత్త కుర్చీలు ఎత్తించేసింది. నేను ముందు నడుస్తూ చెయ్యి చూపిస్తుంటే, వచ్చిన జాడ మీదే అంగుళం అంగుళంగా జీపును బయటికి తెచ్చింది. టీ సగంలో ఆగిందని అతిథుల్లో ఒకాయన దారంతా సణిగాడు.

గేటు దగ్గర గార్డు పుస్తకం ముందుకు తోశాడు. "పైదే పెట్టెయ్యక్కా, వెనక బండ్లు ఆగాయి."

"పైన ఏముంది?"

"జింకలు, నది ఒడ్డు, అంతా బాగుంది."

"బాలేదు," అని పెన్ను లాక్కుంది. "గుడ్లు తొక్కేశాం."

గార్డు ముఖం మారింది. "అది రాస్తే కార్డు మీదికొస్తుంది. ఆలోచించుకో."

అత్తకు రాయడం అలవాటు లేదు. ఒక్కో అక్షరాన్నీ నొక్కి నొక్కి ఆరు లైన్లు రాసింది. వెనక లైట్లు వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. నేను ఆమె మోచేతి పక్కనే నిలబడి ఉన్నాను.

తర్వాత పది రోజులు ఆమె కుదురుగా ఉండలేదు. కడిగిన జీపునే మళ్లీ కడిగింది. గుమ్మం దాకా వెళ్లి వచ్చేది. "ఆఫీసు నుంచి ఎవరైనా వచ్చారా?" అని నన్ను నిద్రలేపి మరీ అడిగేది. పదకొండో రోజున నోటీసు వచ్చింది. పిట్టపిల్లలు ఎగిరేదాకా ఇసుకలోకి బండ్లు దిగకూడదు. అత్త కార్డు తీసుకుని ఆఫీసుకు రావాలి. ఆమె వెళ్లింది. ఖాళీ మెడతో తిరిగొచ్చింది. కార్డు సీజనంతా ఆఫీసులోనే.

అత్త నా దగ్గరికి వచ్చి ఉండగా, మేనేజరు లాండ్రీలోకే వచ్చి అందరి ముందూ ఆమెను అడిగాడు. "నాతో నోటితో చెప్పొచ్చుగా! పుస్తకంలో ఎందుకెక్కించావ్?"

"పోయినేడు ఒడ్డున బండ్లు ఎక్కువయ్యాయని నోటితోనే చెప్పాను సార్. మీరు కుర్చీలు పెంచారు."

"పక్కవాళ్లది పడవ ట్రిప్పు. వాళ్లకేమీ కాలేదు, మునిగింది మనం. జనం ఏమనుకుంటున్నారో తెలుసా?"

"తెలుసు సార్. ఫ్రిజ్‌కి తలుపులెన్నో కూడా తెలుసు."

ఎవరో కిసుక్కుమన్నారు. మేనేజరు నవ్వలేదు. ఆమె జీపును ఇంకొకరికి ఇచ్చి, ఆమెను దుప్పట్లు ఇస్త్రీ చేయమన్నాడు. అదీ దొంగ వేషమే అన్నారు డ్రైవర్లు. "మన ఐదు బండ్ల నంబర్లూ ఎక్కించిందట. కార్డు కూడా ఊరికే దాచిపెట్టి ఉంటుంది, ఇక నడపాల్సిన కర్మేంటి," అని మీసాలాయన టైర్ల షాపులో చెబుతుంటే, సోడా కోసం వెళ్లిన నేను విన్నాను.

"నువ్వేం రాశావో చెప్పొచ్చు కదత్తా," అన్నాను ఆ పూట.

"చెబితే? రేపట్నుంచి మహాతల్లీ అని దణ్ణాలు పెడతారు. ఆ గోల నాకెందుకు? హారనే నయం." రెండు నిమిషాలైనా కూర్చోకుండా లేచి చెప్పులేసుకుంది. రోజూ అంతే. గేటు దాకా నడిచి వెళ్లి, పిల్లలు బయటికొచ్చాయా అని గార్డును అడిగి వస్తుంది.

ఆ పేజీ ఇప్పటికీ గేటు దగ్గరే ఉంది, ఎవరైనా తిప్పి చూడొచ్చు. ఆ సాయంత్రం ఇసుకలో తిరిగినవి ఐదు బండ్లు. గుడ్లు తొక్కిన బండి అంటూ అత్త రాసిన నంబరు ఒక్కటే, ఆమె నడిపినది.