వదిన ప్రింటరు, నా వైఫై

మా వదిన చనిపోయిందని అన్న ఒంగోలు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసినప్పుడు ఉదయం ఏడున్నర అయింది. నేను బియ్యం ఏరుకుంటున్నాను. "మీ వదిన పోయింది పాపా" అన్నాడు. అరవై దాటినా మా అన్నకు నేను పాపనే. ఫోన్ పెట్టేశాక నేను మొదట చేసిన పని ఏడవడం కాదు. లేచి హాల్లోకి వెళ్లి, నాలుగు రోజులుగా కట్టేసి ఉన్న వైఫై స్విచ్ వేశాను. వేసి, దాని ముందే కూలబడ్డాను.

దాన్ని ఎందుకు కట్టేశానో ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోదగ్గ విషయం కాదు. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు వాళ్ల మంచితనం రాస్తారు. మా వదిన మంచితనం రాయాలంటే నా కుళ్లు కూడా రాయక తప్పదు. ఆ రెండూ ఒకే గోడకు అటూ ఇటూ కాపురమున్నాయి. కాబట్టి దాచకుండానే చెబుతాను.

మాది తర్లుపాడుకు ఆటోలో పావుగంట దూరంలో ఉండే పల్లె. మా నాయన మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీలో పని చేసేవాడు. అంచు విరిగి అమ్ముడుపోని పలకలు మా ఇంటికొచ్చేవి. వాటి మీద దిద్దీ దిద్దీ నా చేతిరాతకు ఊళ్లో పేరొచ్చింది. తర్వాత బడిలో టీచరునయ్యాను. చర్చిలో పాటల కాగితాలు, పెళ్లి పిలుపులు, పింఛను అర్జీలు అన్నీ నేనే రాసేదాన్ని. ఎవరింటికెళ్లినా ముందు కుర్చీ వేసేవాళ్లు, తర్వాత పెన్ను తెచ్చేవాళ్లు. రిటైరయ్యాక, మా ఆయన కూడా పోయాక, నాకు మిగిలిన గౌరవం ఆ కుర్చీయే.

వదినది గిద్దలూరు వైపు. అంగన్‌వాడీ టీచరుగా చేసి రిటైరయింది. ఆమె రాత మాత్రం కోడి కెలికినట్టు ఉండేది. వంటలో, మాటల్లో, పిల్లల్ని పెంచడంలో, ఆఖరికి మా అమ్మను చివరి రోజుల్లో చూసుకోవడంలో కూడా ఆమెదే పైచేయి. రాతలో నాది. అట్లా ఇద్దరం ముప్పై ఎనిమిదేళ్లు సర్దుకుని బతికాం.

మూడేళ్ల కిందట ఒక ఎండాకాలం మధ్యాహ్నం, మార్కాపురం నుంచి వచ్చిన ఆటోలోంచి వదిన పెద్ద అట్టపెట్టె పట్టుకుని దిగింది. దారంతా ఒళ్లోనే పెట్టుకుని కూర్చుందట. లేజర్ ప్రింటరు. వైరు అక్కర్లేకుండా ఫోన్లోంచే కాగితం తీయొచ్చు, పైన అద్దం కూడా ఉంది, జిరాక్సుకు.

"ఇదంతా ఎందుకు వదినా మనకు?" అన్నాను.

"తర్లుపాడు పోతే కరెంటు లేదంటారు. కరెంటుంటే నెట్టు లేదంటారు. ఒక్క కాగితం కోసం కూలి పోగొట్టుకోని తిరుగుతాండారు పాపా మనోళ్లు. ఇంట్లో ఉంటే ఎంత సుఖం?"

నాకు లోపల కలుక్కుమంది. ఆమె చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. అందుకే ఎక్కువ కలుక్కుమంది.

పెట్టె విప్పి, లోపల ఎక్కడెక్కడో అంటించిన నారింజ రంగు టేపులన్నీ ఒక్కొక్కటే పీకి, నల్లపొడి ఉండే టోనర్ డబ్బాను రెండు చేతులతో ఊపి లోపల కూర్చోబెట్టింది. అందులో వచ్చిన పుస్తకంలో తెలుగు ముక్క లేదు. "బొమ్మలున్నాయి గదా, చాలు. నేను బొమ్మలు చూపించే గదా పాఠాలు చెప్పింది" అని నవ్వింది. అన్నీ అయ్యాక దానికి వైఫై కావాలని తేలింది. ఆ వైఫై మా ఇంట్లో ఉంది. కరోనా రోజుల్లో మా అమ్మాయి ఇంటి నుంచి ఆఫీసు పని చేసుకోవడానికి పెట్టించింది. తను హైదరాబాదు వెళ్లిపోయాక కూడా వీడియోలో మాట్లాడుకోవడానికి ఉంచుకున్నాను.

వదిన మా రెండిళ్ల మధ్య గోడ మీదుగా తల పెట్టి, "పాపా, నీ వైఫై నాకూ ఇస్తావా?" అని అడిగింది. ఆ అడగడం నాకెంత నచ్చిందో చెప్పలేను. పాస్‌వర్డు నోటితో చెప్పలేదు. నేనే వెళ్లి, ఆమెకు కనపడకుండా కొట్టి వచ్చాను.

మా వాళ్లలో కొత్త వస్తువు ఏది కొన్నా ప్రార్థన చేయించందే వాడరు. మోటారు సైకిలైనా, బోరు మోటారైనా, ఫ్రిజ్జైనా అంతే. పాస్టరు గారిని పిలిచారు. వదిన ప్రింటరును దుమ్ము పడకూడదని ఇనప బీరువాలో, చీరలు తీసేసి కింది అరలో పెట్టింది. కరెంటు వైరు తలుపు సందులోంచి బయటికి లాగింది. పాస్టరు గారు వంగి, బీరువాలో చెయ్యి పెట్టి, ప్రింటరు మీద చెయ్యి ఉంచి ప్రార్థన చేశారు. అందరం ఆమెన్ అన్నాం. వెంటనే వదిన దుమ్ము భయంతో బీరువా తలుపు మూసి, బయట నిలబడి ఫోన్లో పాటల కాగితం నొక్కింది.

ఏమీ రాలేదు. మళ్లీ నొక్కింది. ప్రింటరు కనపడలేదని ఫోను చెప్పింది. ఇంకోసారి, ఇంకోసారి. టీ గ్లాసులు పట్టుకుని అందరూ బీరువా వైపే చూస్తున్నారు. "దేనికైనా సమయం రావాలమ్మా" అని పాస్టరు గారు లేచి వెళ్లిపోయారు. నాకు కారణం తెలుసు. ఇనప తలుపు చాటుకు వెళితే సిగ్నల్ రాదని మా అమ్మాయి ఎన్నోసార్లు విసుక్కుంది. ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు. రెండు రోజులు హాయిగా నిద్రపోయాను.

మూడో రోజు వదిన కేక విని పరుగెత్తాను. "పాపా! రా పాపా! దానంతట అదే కొడతాంది!" తుడుద్దామని బీరువా తలుపు తెరవగానే ప్రింటరు మూలిగి, కాగితాలు కక్కడం మొదలుపెట్టింది. ఒకే పాట, ఒకదాని మీద ఒకటి, పదకొండు. ఆ రోజు ఆమె పదకొండుసార్లు నొక్కింది మరి. అవన్నీ ఫోన్లో వరుస కట్టి ఎదురుచూస్తూ కూర్చున్నాయి. వదిన మంచం మీద కూర్చుని కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వింది. "లోపల పెట్టి తలుపేస్తే నాకే ఊపిరాడదు, దానికెట్ల ఆడతాది చెప్పు?" అంది. నేనూ నవ్వాను. నవ్వుతూనే ఏడ్చుకున్నాను లోపల.

అప్పటి నుంచి ప్రింటరు వరండా పక్క గదిలో బల్ల మీదికి వచ్చింది. ఊరు కూడా ఆ గదికి మళ్లింది. హాల్ టికెట్లు, పింఛను ఫారాలు, పొలం కాగితాలు, స్కానింగు రిపోర్టులు. నేను మా వరండాలో కూర్చుని, ఎవరెవరు లోపలికి పోతున్నారో, ఎంతసేపుంటున్నారో చూసేదాన్ని. పత్రిక చదువుతున్నట్టు చూసేదాన్ని. ఇన్నేళ్లూ నా దగ్గరకు వచ్చినవాళ్లే నన్ను చూసి "బాగుండావా టీచరమ్మా" అని అక్కడికి వెళ్లేవాళ్లు.

వదిన ఏ కాగితాన్నీ చదవకుండా చేతికిచ్చేది కాదు. కళ్లజోడు ముక్కు మీదికి జార్చి పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ వేలు పెట్టి చదివేది. ఒకసారి ఒక పిల్ల దరఖాస్తులో తండ్రి పేరు స్థానంలో అన్న పేరు పడిందని పట్టుకుంది. "కాగితంలో తప్పుంటే కాగితం తిరగదమ్మా, మనిషి తిరగాల" అనేది. చెడిపోయిన కాగితాలను నాలుగు ముక్కలుగా కోసి దారం కట్టి మేకుకు తగిలించేది. ఎవరికి ఏం రాసుకోవాలన్నా వాటి వెనకవైపే. వచ్చినవాళ్లు కూర్చోవడానికి రెండు కుర్చీలు వేసింది. ఆ కుర్చీలు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండేది.

నా ముందే ఒకామె పాటల కాగితం చూసి, "అక్షరాలు భలే ముద్దుగా వచ్చినాయి వదినా" అంది. వదిన వెంటనే, "ఇది మిషను రాత. రాతంటే మా పాపది" అంది. మెచ్చుకుందని ఎవరైనా సంతోషపడతారు. నేను మాత్రం, నా వస్తువు తీసుకుని నాకే చిల్లర పెడుతున్నట్టు ఫీలయ్యాను. లేచి వచ్చేశాను.

నా పింఛను కోసం ఏటా బతికే ఉన్నానని ఒక కాగితం ఇవ్వాలి. దానికి నేను తర్లుపాడు వెళ్లేదాన్ని, గోడ అవతల ప్రింటరు పెట్టుకుని. చెప్పులేసుకుంటుంటే వదిన చూసి, "ఇంత ఎండలో యాడికి పాపా?" అనేది. "పనుంది" అనేదాన్ని. ఆమె ఇంకేమీ అడిగేది కాదు. ఆ మూడేళ్లలో ఆ మిషను నుంచి నేను ఒక్క కాగితం కూడా అడగలేదు. అడిగితే ఓడిపోయినట్టే అనుకున్నాను.

మొదటిసారి స్విచ్ కట్టేసింది ఒక క్రిస్మసు ముందు శనివారం. కొత్త పాటలు అరవై కాగితాలు తీయాలని చర్చి వాళ్లు వదినకే చెప్పారు, నా కళ్ల ముందే. ఇంటికొచ్చి స్విచ్ కట్టేశాను. అరగంటకు వదిన గోడ దగ్గరికొచ్చింది.

"మీ నెట్టు వస్తాందా పాపా?"

"మాకూ రావడంలే వదినా. వాళ్లకేమైందో ఏమో" అన్నాను. ముఖం మీదే అబద్ధం చెప్పాను.

"సరేలే. ఈసారికి నువ్వే రాసియ్యి. పెద్ద చార్టు మీద రాసి గోడకు కడదాం."

ఆ సాయంత్రం స్కెచ్చి పెన్నులతో చార్టు నిండా రాశాను. వేళ్లు నొప్పి పుట్టాయి. క్రిస్మసు రోజు చర్చి మొత్తం నా అక్షరాలు చూస్తూ పాడింది. అంత సంతోషం నాకు ఈ మధ్య ఎప్పుడూ లేదు. ఆ రుచి మరిగాను. కుళ్లు పుట్టినప్పుడల్లా స్విచ్ కట్టేసేదాన్ని. ప్రతిసారీ వదిన వచ్చి నెట్టు సంగతి అడిగేది, ప్రతిసారీ ఏదో ఒకటి రాసిపెట్టమనేది. ఒకసారి పెళ్లి పిలుపు, ఒకసారి ఆదివారం బడి పిల్లలకు వాక్యాలు. ఆమెను భలే ఇబ్బంది పెడుతున్నానని మురిసిపోయేదాన్ని.

చివరిసారి కట్టేసింది, చర్చి స్త్రీల కూడికలో వదినకు శాలువా కప్పిన రోజు. ఊరికి చేసిన సేవకట. నేను రాసిన ముప్పై ఏళ్లకు ఒక్క తువ్వాలు కూడా ఎవరూ కప్పలేదు. ఆ సాయంత్రమే స్విచ్ కట్టేసి, ఆమె వచ్చి అడుగుతుందని వరండాలో కూర్చున్నాను. రాలేదు. తెల్లారేసరికి గుండెల్లో నొప్పని అన్న ఆమెను ఒంగోలు తీసుకుపోయాడు. రేపు వెళ్లి చూద్దాం, రేపు వెళ్లి చూద్దాం అనుకున్నాను. స్విచ్ కూడా వేయలేదు. ఇంతలోనే ఆ ఫోను వచ్చింది.

భూస్థాపనకు తర్లుపాడు నుంచి, చంద్రశేఖరపురం నుంచి కూడా మనుషులొచ్చారు. నేను పోతే ఇందులో సగం మందైనా వస్తారా అని శవపేటిక పక్కన నిలబడి ఆలోచించాను. అంత దుఃఖంలో కూడా ఆ ఆలోచన రాకుండా ఉండలేదు.

పోయినవాళ్ల ఇంట్లో ప్రార్థనకు పెట్టే ఆదరణ కూడిక అయిన మర్నాడు, అన్నకు టీ ఇచ్చి పక్కన కూర్చున్నాను. ఉన్నట్టుండి అన్నాడు.

"మా వంటింటి కిటికీలోంచి మీ వైఫై లైటు కనపడతాది పాపా."

నేను గ్లాసు కింద పెట్టాను.

"అది ఆరిందంటే చాలు, 'పాప అలిగింది, పోయి ఏదన్నా రాయమని అడిగొస్తా' అని లేచేది మీ వదిన. మనమే ఒక కనెక్షను పెట్టించుకుందామే అని నేను రెండు మూడుసార్లు చెప్పినా. వద్దనింది. 'ఆ ఒక్కటన్నా నన్ను పాప దగ్గర అడుక్కోనియ్యి. అదీ లేకుంటే మన గడప తొక్కదు' అనింది."

నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. మూడేళ్లు నేను ఆమెకు పెట్టానని మురిసిపోయిన ఇబ్బందంతా, ఆమె నాకిచ్చిన పని. ఆ చార్టు, ఆ పెళ్లి పిలుపు, పిల్లల వాక్యాలు అన్నీ. రాతలో నాది పైచేయి అనుకున్నాను. ఆ చేతికి పని వెతికిపెట్టింది కూడా ఆమే. నన్ను ఎందులోనూ గెలవనివ్వలేదు మహాతల్లి. ఇప్పటికీ ఆమె మీద నాకు అసూయే. ఆమెలాగా తెలిసీ ఊరుకోవడం నాకు ఈ జన్మకు చేతకాదు.

పోయిన వారం మరణ ధ్రువీకరణ పత్రం కోసం సచివాలయంలో వదిన ఆధార్ కార్డు జిరాక్సు అడిగారు. కార్డు సంచిలో పెట్టుకుని, అలవాటు కొద్దీ ఆటో కోసం బయల్దేరాను. అన్న గుమ్మంలో నిలబడి, "ఇంట్లో మిషను పెట్టుకోని యాడికి పోతాండావు పాపా?" అన్నాడు.

వెనక్కి వచ్చి ఆ గదిలోకి వెళ్లాను. మూత ఎత్తి, అద్దం మీద కార్డు బోర్లా పెట్టి, ఎవరో చూస్తున్నట్టు భయపడుతూ బొత్తాం నొక్కాను. లోపల వెలుగు ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది. కాగితం వచ్చింది. ఆధార్ జిరాక్సుల్లో మనుషుల ముఖాలు నల్లటి మరకల్లా వస్తాయి. వదిన ముఖం అట్లా రాలేదు. కళ్లు, ముక్కుపుడక, నవ్వబోయి ఆపుకున్న పెదవులు, అన్నీ తేటగా వచ్చాయి. చేతిలోకి తీసుకుంటే కాగితం వెచ్చగా ఉంది. తర్లుపాడులో ఎన్ని తీయించుకోలేదు, ఇంత వెచ్చగా వస్తుందని ఎన్నడూ గమనించలేదు. అన్న బయట నుంచి పిలుస్తున్నాడు. అది చల్లారేదాకా రెండు చేతులతో పట్టుకుని అక్కడే నిలబడ్డాను.