గుంటగలగర కాదండీ, గడ్డి చామంతి

దువ్వెనతో పని తీరిపోయి ఇరవై ఏళ్లయిన నేను, మొన్న తాడేపల్లిగూడెంలో తలనూనె సీసా కోసం కొట్లాటకు దిగాను. చూసినవాళ్లు నా జుట్టంతా ఆ నూనే ఊడగొట్టిందనుకుని ఉంటారు. సీసా మీద గుంటగలగర అని రాసి, పసుపు బొడ్డున్న గడ్డి చామంతి బొమ్మ వేశారు. “ఏ పువ్వయితే ఏంటండీ, మీకు రాసుకునే పని లేదుగా” అన్నాడు కొట్టాయన. ఒళ్లు మండింది. ఆ తప్పుకే నేను తిన్న తిట్లు ఇప్పటికీ అరగలేదు మరి.

ఏడో తరగతితో చదువుకు దండం పెట్టేశాక, మా నాన్న నన్ను కలిదిండి దగ్గర మేనత్త ఇంటికి తోలేశాడు. ఆవిడ గుంటగలగర రసంతో నూనె కాచి ఏలూరు కొట్లకు వేసేది. పనికొస్తే ఉంచుకో, రాకపోతే నా గుమ్మంలోకి మాత్రం పంపకు అని నాన్న కబురు. నాకు మూడో గుమ్మం లేదు.

మొదటి రోజే, నీళ్లవారన ఉండే తెల్లపువ్వు మొక్క కోసుకురమ్మంది. బురదలో ఎవడు దిగుతాడని, ఎండిన రోడ్డువార గడ్డి చామంతి సంచినిండా కుక్కి తెచ్చాను. అత్త గుప్పెడు తీసి నా అరచేతిలో నలిపి, ఆకులు రుబ్బే ఆడవాళ్ల ముందు చెయ్యి చాపించి నిలబెట్టింది. అసలుదయితే కాసేపటికే చెయ్యి నల్లబడాలి. నాది పచ్చగానే ఉండిపోయింది.

“చామంతులు తెచ్చావేంరా, మీ నాన్నకి మళ్లీ పెళ్లా?”

“తెల్లపువ్వన్నారుగా అత్తా, తెల్లగానే ఉందిగా!”

సంచి పెంట మీద గుమ్మరించి, నన్ను తన పొలానికి నీళ్లు పారే బోదెలోకి దింపింది. ఆకు మొదట్లో చొక్కా బొత్తామంత పువ్వు, నూలుపోగుల్లాంటి రేకులు, పసుపు జాడే లేదు. గట్టు మీద నిలబడి మొక్కకో తిట్టు తిట్టింది. పొద్దుగూకేసరికి నా చేతులు బొగ్గులయ్యాయి. అన్నం పెట్టింది గానీ ఒక్క మంచి మాట అనలేదు. తొమ్మిదేళ్లు ఆవిడ దగ్గరే చేశాను, లోపల తిట్టుకుంటూనే.

ఇప్పుడు కలిదిండి నుంచి గుండుగొలను దాకా ఎటు చూసినా చేపల చెరువులే. మిగిలిన గట్ల మీద గడ్డిమందు. రోడ్డువార గడ్డి చామంతి మాత్రం పకపకా నవ్వుతోంది. ఆకు నలిపి చూసే ఓపిక ఎవరికీ లేదు, ఏ బొమ్మ వేస్తే అదే పువ్వు.

ఇదంతా ఫోన్లో అత్తతో చెప్పి, ఆ కంపెనీవాళ్లను నాలుగు తిట్టాను. ఆవిడ అంతా విని అంది కదా:

“నా పొలం నీ చేతికొచ్చిన ఏడాదే ఆ బోదె పూడ్చి చేపల చెరువు తవ్వించావు. వాళ్లు బొమ్మే మార్చార్రా, నువ్వు మొక్కే లేకుండా చేశావు.”