బుడే చెవి, రహమతున్నీసా సీసా

పెదకాకాని పక్కన మా పల్లెలో మిరపకాయలు ఎండాయో లేదో తేల్చేది ఎండ కాదు, షేక్ బుడే కుడిచెవి. కల్లంలో ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడిస్తాడు. లోపల గింజలు గలగలమంటే బస్తాకెత్తమంటాడు. లేకపోతే ఇంకా ఆరబెట్టమంటాడు. మా ఊళ్ళో పెద్దమనిషి కావడానికి ఈమాత్రం చాలు. మరి ఎడమచెవి దేనికని అడిగితే, "ఇంట్లో మాటలు వినడానికి" అంటాడు. ఆ చెవి ఏనాడూ పనిచెయ్యలేదని ఆయన భార్య రహమతున్నీసా ఊరంతా చెప్పింది.

ఈ వేసవిలో ఆమె మేడమీద సోలార్ డ్రయ్యర్ పెట్టించింది. అద్దం మూత, లోపల జల్లెడ పళ్ళాలు ఉన్న పెద్ద పెట్టె. అందులో టమాటా ముక్కలు ఎండబెడుతోంది. మంగళగిరిలో కర్రీ పాయింట్ నడిపే సౌజన్య, మొదటి సంచి బాగుంటే ఏడాది పొడుగునా తీసుకుంటానంది. ఒక్క ముక్క బూజు పట్టినా మళ్ళీ ఈ గడప తొక్కనని కూడా అంది. ఇన్నేళ్ళూ 'బుడే భార్య'గానే బతికిన మనిషి చేతినుంచి బయటికి పోయే మొదటి సరుకు అది.

రేపు సౌజన్య వస్తుందనగా బుడే పిలవకుండానే మేడెక్కాడు. వేరే కాలక్షేపం లేక నేనూ వెనకే ఎక్కాను. ఆయన పెట్టె తెరిచి, వేడివేడి ముక్కలు గుప్పిట పట్టి చెవి దగ్గర ఊపాడు.

"గలగలమంటన్నాయి. సంచికెత్తు."

"అది మిరపకాయ కాదయ్యా. అంచులు ఎండితే చప్పుడు చేస్తది. మధ్యలో తడి నీ చెవికేం తెలుసు?"

"ఈ చెవిని అనుమానించిన మనిషి చుట్టుపక్కల ఊళ్ళల్లో లేదే!"

"ఇంట్లో ఉందిగా."

ఆమె ముక్కలు చల్లారేదాకా ఆగి, గుప్పెడు తీసి గాజుసీసాలో పోసి మూత బిగించింది.

"ఏందిది, టమాటాకి పెళ్ళిచూపులా?" అన్నాడు బుడే.

"లోపల తడుంటే తెల్లారేసరికి గాజుకి పడుతుంది. చూద్దువుగా."

మర్నాడు నేను వెళ్ళేసరికి బుడే సీసాని లుంగీ అంచుతో తెగ తుడుస్తున్నాడు. మసక పోవడం లేదు. అది గాజుకి లోపలివైపు ఉంది.

"సీసా పాతదిరా" అన్నాడు.

"మొన్నేగా కొన్నారు బాబాయ్."

అంతలో వాకిట్లో స్కూటీ ఆగింది. సౌజన్య లోపలికొస్తూనే, "బుడే గారూ, మీరు చెవి పెట్టారా? మీరు ఊ అంటే నేనిక సంచి విప్పి కూడా చూడను" అంది.

రహమతున్నీసా మొగుడి మొహం వంకే చూస్తోంది. ఊ అంటే చెవి పరువు నిలుస్తుంది, సరుకు బూజు పడుతుంది. బుడే సీసాని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"పెట్టానమ్మా. తప్పు విన్నది. ఇంకో ఎండ పడాలి."

"ఎవరన్నారు?"

'మా ఆడోళ్ళు' అనడమే ఆయనకు అలవాటు. ఈసారి పేరు పెట్టి చెప్పాడు.

"రహమతున్నీసా."

"అయితే రహమతున్నీసా గారూ, ఎల్లుండి వస్తా. ఇకమీదట మిమ్మల్నే అడుగుతా" అంది సౌజన్య.

ముక్కలు మళ్ళీ పెట్టెలోకెక్కాయి. సౌజన్య వస్తానన్న రోజు పొద్దున, మళ్ళీ ముక్కలు పోసి పెట్టిన సీసాలో మసక లేదు. అయినా సంచి మూతి కట్టేముందు బుడే ఒక ముక్క తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు. ఈసారి ఎడమచెవి.

"ఏమంటంది?" అంది రహమతున్నీసా.

"నిన్నే అడగమంటంది."