గొంతు ఆగిన చోట

ఆసుపత్రి లాండ్రీలో పెద్ద దుప్పటి మడత పెట్టడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. చెరో చివరా పట్టుకుని లాగి, విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి అంచుకు అంచు కలపాలి. చాలా ఏళ్లు నా దుప్పటికి రెండో చివర ఉన్న మనిషిని మేమంతా పంతులమ్మ అనేవాళ్లం. గౌరవంతో పెట్టిన పేరేం కాదు. ఆవిరి యంత్రాల హోరులో కూడా ఆమె పెదాలు కదులుతూనే ఉండేవి. తనలో తాను ఏదో గొణుక్కుంటోందిలే అనుకున్నాం. ఒకరోజు అంచు కలపడానికి దగ్గరికొచ్చినప్పుడు చెవి పెట్టి వింటే, ఇంగ్లీషు! పదో తరగతి అయ్యీ అవ్వకముందే బడి మానేసి ఈ ఉతుకుడు గదిలో చేరిన మనిషి ఇంగ్లీషు మాట్లాడుతుంటే నవ్వు ఆపుకోవడం ఎవరి తరం? మా సూపర్‌వైజరు ఆ పేరు పెట్టాడు, అది జిగురులా అతుక్కుపోయింది.

ఆ ఇంగ్లీషు ఆమె కోసం కాదు, చెల్లెలి కోసం.

తల్లి చిన్నప్పుడే పోయింది. తండ్రి లారీ నడిపేవాడు. ఒక వానాకాలం లారీతో సహా లోయలో పడ్డాడు. అప్పటికి పంతులమ్మకి బడి ఉంది, చెల్లెలికి కళ్లున్నాయి. ఆ తర్వాత రెండూ పోయాయి. చెల్లెలి చూపు ఒక్కసారిగా పోలేదు. అంచుల నుంచి మూసుకుంటూ వచ్చింది. ముందు పక్కన నిలబడ్డ మనుషులు కనబడలేదు, తర్వాత మెట్లు కనబడలేదు. చివరికి గొట్టంలోంచి చూసినట్టు పుస్తకంలో ఒక్కో మాటే కనబడేది. హైస్కూలు దాటేనాటికి ఆ గొట్టమూ మూసుకుపోయింది. మా ఆసుపత్రి కంటి డాక్టరే చూసి, దీనికి మందు లేదని తేల్చేశాడు. ఆ రోజు కూడా పంతులమ్మ షిఫ్టు పూర్తి చేసే ఇంటికెళ్లింది.

చెల్లెలు కూలబడే రకం కాదు. నోరు కత్తెర. లా చదువుతానంది. "గుడ్డి కన్నా మెల్ల నయం అంటారు, నాకు ఆ మెల్ల కూడా మిగల్లేదు, ఇక మాటలు మాత్రమే అమ్ముకోవాలి" అని నవ్వేదట. యూనివర్సిటీ ఎంట్రన్సులో మిగతా పేపర్లు ఎలాగో రికార్డింగులు విని నేర్చుకుంది. అడ్డుపడింది ఇంగ్లీషు పేపరు. అందులో ముందెప్పుడూ చూడని పేరాలు ఇస్తారు. చదివి, కింద ప్రశ్నలకు నాలుగింటిలో సరైన జవాబు ఎంచుకోవాలి. ఆ పేపరులో గట్టెక్కకపోతే మిగతావి దిద్దనే దిద్దరు. చూపులేని వాళ్లు చదివిపెట్టే మనిషిని వెంట తెచ్చుకోవచ్చు, కానీ ఆ మనిషి చదువు పరీక్ష రాసేవాళ్ల చదువు కంటే తక్కువుండాలని నియమం.

"నీ బడి ఎందుకు ఆగిపోయిందో ఇప్పుడు తెలిసిందిలే అక్కా" అందట చెల్లెలు.

వాళ్ల గది ఒక రొట్టెల బట్టీ పైన ఉండేది. కింది నుంచి సెగ నేలలోంచి పైకొచ్చేది, చలికాలంలో కూడా చెప్పులు లేకుండా నిలబడితే అరికాళ్లు చురుక్కుమనేవి. ఉన్న ఒక్క కిటికీ అవతలి గోడకేసి తెరుచుకుంటుంది. సాయంత్రం షిఫ్టు దిగి రాగానే పంతులమ్మ ఆ కిటికీ దగ్గర కూర్చుని చదివేది, చెల్లెలు మంచం మీద పడుకుని వినేది. మొదట్లో అవన్నీ చిలక పలుకులే. అక్షరాలు కూడబలుక్కోవడం తప్ప ఆమెకు ఒక్క ముక్క తెలియదు. మంచుకొండల గురించి పేరా వస్తే ఆ ఒక్క మాటనీ పేరా అయ్యేలోగా నాలుగు రకాలుగా పలికేది.

"మంచుకొండ కరుగుతున్నట్టు లేదక్కా, ఇసుక లారీ దిగుతున్నట్టుంది" అనేదట చెల్లెలు.

అందుకే పని దగ్గర కూడా పెదాలు కదిలించేది. ముందురోజు తప్పు పలికిన మాటల్ని మర్నాడు నా దుప్పటి మీద సరిచేసుకునేది. ఇలా తిమింగలాలు, పాతకాలపు ఉప్పు బాటలు, గడియారాల పుట్టుక, వలస పిట్టలు, ఇలాంటివన్నీ మా ఉతుకుడు గదిలోంచి వెళ్లాయి. అలా ఒకటిన్నర సంవత్సరం.

ఎప్పుడో తెలియకుండానే ఆ మాటలకు అర్థాలు అతుక్కోవడం మొదలైంది. ఒక సాయంత్రం ప్రశ్న చదివి, జవాబులు చదవకముందే, "ఇదేం ప్రశ్న, రెండో వాక్యంలోనే చెప్పాడుగా" అని నోరు జారింది. చెల్లెలు మంచం మీద లేచి కూర్చుంది. నీకు అర్థమవుతోందా అని అడిగింది. ఏమో, కొంచెం కొంచెం అంది పంతులమ్మ. ఈ సంగతి నాకు చెప్పేటప్పుడు కూడా, చెల్లెలి కంచంలోంచి ముద్ద తీసుకుని తిన్న మనిషిలా తలొంచుకుంది.

అయినా ఆ రోజుల్లో ఆమె ముఖంలో ఒక కళ ఉండేది. ఆ పేరాల కింద, రచయిత ధోరణి ఏమిటి అనే ప్రశ్న ఎప్పుడూ ఉంటుందట. మా సూపర్‌వైజరు గోడకి నోటీసు అంటించిన ప్రతిసారీ నా వైపు తిరిగి, "రచయిత ధోరణి చెప్పు. వ్యంగ్యమా, నిరాశా, బెదిరింపా, పైవేవీ కావా?" అనేది. బెదిరింపు అనేదాన్ని నేను. మార్కు పడిందనేది.

చెల్లెలికి కూడా మార్కులు పెరిగాయి. నమూనా పరీక్షల్లో మొదట సగానికి సగం తప్పులు పోయేవి, చివరికి ఒకటీ అరా తప్ప అన్నీ సరైనవే. లా కాలేజీలో ఏ బెంచీ మీద కూర్చోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నారు అక్కాచెల్లెళ్లు.

పరీక్ష రోజు ఏం జరిగిందో పంతులమ్మ తర్వాత ముక్కలు ముక్కలుగా చెప్పింది. ఇద్దరికీ విడిగా ఒక గది ఇచ్చారు. కాపలాకి ఒక మేడం, వయసు మళ్లినావిడ, కిటికీ పక్కన కుర్చీలో కూర్చుంది. పేరాలు, ప్రశ్నలు తప్ప ఇంకొక్క మాట మాట్లాడకూడదని ముందే చెప్పింది. మొదటి రెండు పేరాలూ సాఫీగా గడిచాయి. మూడోది గుహల్లో బతికే చేపల గురించి. తరతరాలుగా చీకట్లో ఉండి ఉండి వాటికి కళ్లతో పని లేకుండా పోయిందని, పని లేనిదాన్ని ప్రకృతి మోయదని, మెల్లగా కళ్లు చర్మం కింద కప్పబడిపోయాయని ఉంది.

పంతులమ్మ అక్కడ ఆగిపోయింది. ఒకటిన్నర సంవత్సరం కిందటైతే ఆ వాక్యాలు గడగడా చదివేసేది. ఇప్పుడు ప్రతి మాటా తెలుస్తోంది. ఎదురుగా చెల్లెలు తలెత్తి వింటోంది.

"చదువక్కా" అంది చెల్లెలు.

మేడం లేచి కుర్చీ దగ్గరికి జరుపుకుంది. అక్కడి నుంచి వాళ్లిద్దర్నీ చూస్తూ కూర్చుంది. పంతులమ్మ ఎలాగో పేరా ముగించి ప్రశ్నల్లోకి వచ్చింది. రెండు ప్రశ్నలు గడిచాక మేడం చెయ్యెత్తి ఆపింది. తర్వాతి ప్రశ్న తనే చదువుతానంది. బల్లమీద మేకు దిగ్గొట్టినట్టు ఒకే తీరున, ప్రశ్నా, నాలుగు జవాబులూ చదివింది. చెల్లెలు ఇంకోసారి చదవమంది. చదివింది. ఇంకోసారి అంది. మళ్లీ చదివింది. చెల్లెలు నుదురు తుడుచుకుని ఏదో ఒకటి చెప్పింది. అది తప్పని పంతులమ్మకి తెలుసు. మేడం కాగితం ఆమె చేతికిచ్చి, ఇప్పుడు మీరు చదవండి అంది. పంతులమ్మ తర్వాతి ప్రశ్న చదివింది. చివరి జవాబు పూర్తికాకముందే చెల్లెలు "రెండోది" అంది. అదే సరైనది.

"మీరు కావాలని చేశారని నేననడం లేదమ్మా. కానీ మీ గొంతు సరైన జవాబు దగ్గర ఆగుతోంది" అంది మేడం.

పెద్ద అధికారి వచ్చాడు, సంతకాలు తీసుకున్నారు, పేపరు రద్దు చేశారు. చెల్లెల్ని అయిదేళ్లు పరీక్ష రాయనివ్వబోమని తర్వాత తెలియజేశారు.

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదయింది. అర్థం కాకుండా చదివినన్నాళ్లూ ఎవరికీ ఏ నష్టమూ లేదు. ఎప్పుడైతే అర్థమైందో అప్పుడే కొంప మునిగింది. పంతులమ్మ అలాగే అనుకుంది. నేను ఎంత చెప్పినా తలకెక్కించుకోలేదు. దుప్పటి రెండో చివర పెదాలు కదలడం ఆగిపోయింది. ఇంట్లో చెల్లెలికి అన్నం పెడుతూ క్షమించమనేది, బట్టలు తీసిస్తూ క్షమించమనేది. చెల్లెలు ఔననదు, కాదనదు. గోడకేసి తిరిగి పడుకునేది.

చివరికి ఆమె పరీక్షల ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. చెప్పులరిగేలా తిరగ్గా తిరగ్గా ఒక గుమాస్తా దారి చూపించాడు. చదివిన మనిషే కావాలని జవాబులు అందించానని, అభ్యర్థికి ఏమీ తెలియదని రాసిస్తే, ఆ పిల్ల మీద నిషేధం ఎత్తేసే వీలుందన్నాడు. ఆ మాట ఇంట్లో చెల్లెలికి చెప్పింది పంతులమ్మ. నీ ఇష్టం అంది చెల్లెలు. నాకు చెప్పినప్పుడు మాత్రం నేను వద్దన్నాను. నీది సర్కారు ఉద్యోగం, నీ మీద నువ్వే మచ్చ వేసుకోకు అన్నాను. వినలేదు. రాసిచ్చింది.

చెల్లెలి నిషేధం ఎత్తేశారు. ఆ కాగితం నకలు మాత్రం ఆసుపత్రికి వచ్చింది. ఉద్యోగం ఊడలేదు గానీ, మోసం ఒప్పుకున్న మనిషని పంతులమ్మని మా ఇస్త్రీ, మడతల గదిలోంచి తీసి కింద మురికి బట్టల గదిలో వేశారు. ఆపరేషన్ థియేటర్ల నుంచి, వార్డుల నుంచి వచ్చే నెత్తుటి బట్టలన్నీ అక్కడే విడదీస్తారు. మడతల్లో సూదులు వస్తుంటాయి. రెండు జతల గ్లవ్స్ తొడిగినా ఆ వాసన చేతుల్ని వదలదు. ఆమె ఒక్కనాడూ గొణగలేదు.

మళ్లీ పరీక్ష దగ్గరపడింది. ఈసారి ఆఫీసువాళ్లే చదివే మనిషిని ఇస్తారు. పరీక్ష ముందురోజు పంతులమ్మ చెల్లెలి బట్టలు ఇస్త్రీ చేస్తుంటే, చెల్లెలు తాను వెళ్లనంది. భయపడకు, నీకు అన్నీ వచ్చు అంది పంతులమ్మ.

"నాకేం రాదక్కా. మొదట్నుంచీ నీ గొంతే వినేదాన్ని. పేరా వినడం ఎప్పుడో మానేశాను."

పంతులమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, మేడం చెప్పకముందే అది నీకు తెలుసా అని అడిగింది. తెలుసంది చెల్లెలు. తెలిసి ఎన్నాళ్లయిందని అడిగింది. నువ్వు రెండో వాక్యంలోనే చెప్పాడుగా అన్న రోజు నుంచి, అంది. మరి నేను సంతకం పెట్టడానికి వెళ్లేటప్పుడు ఒక్క మాట చెప్పొచ్చు కదే అంది పంతులమ్మ.

చెల్లెలు మంచం అంచు తడుముకుని కూర్చుంది.

"తప్పంతా నాదే అని నువ్వు రోజూ అంటుంటే, వినడానికి బాగుండేదక్కా" అంది.

ఇది నాకు చెప్పినప్పుడు పంతులమ్మ ఏడవలేదు. అప్పుడు నువ్వేమన్నావు అని అడిగాను. ఏమనలేదు, ఇస్త్రీ సగంలో ఉంది, పూర్తి చేశాను అంది. మర్నాడు పొద్దున్నే చెల్లెలి చెయ్యి పట్టుకుని పరీక్షకి తీసుకెళ్లింది. గేటు దగ్గర అప్పజెప్పి, బయట ఎండలో నిలబడింది. చెల్లెలు రాసింది. ఇంగ్లీషులో గట్టెక్కే మార్కుకి చాలా దూరంలో ఆగిపోయింది.

ఆ తర్వాత చెల్లెలికి కరెంటు ఫిర్యాదుల ఆఫీసులో ఫోన్లెత్తే పని దొరికింది. దాని పక్కనే ఉన్న హాస్టల్లోకి మారిపోయింది. వెళ్లేటప్పుడు పోట్లాట లేదు, కౌగిలింతలు లేవు. పెట్టె పంతులమ్మే మోసుకెళ్లి దింపి వచ్చింది.

ఒకసారి భోజనాల వేళ నేను ఉండబట్టలేక అడిగేశాను. ఆ సరైన జవాబులన్నీ నీవే కదా, పరీక్ష నువ్వే ఎందుకు రాయకూడదు? బడి పరీక్ష ప్రైవేటుగా కట్టుకుంటే ఏడాదిలో అయిపోతుంది, మన ఉద్యోగాలు ఎటూ పోవు అన్నాను. ఆమె డబ్బా మూత పెట్టి నా వైపు చూసింది.

"కనుక్కున్నాను. మోసం ఒప్పుకున్నవాళ్లని జీవితాంతం రానివ్వరట."

నాకు తలకొట్టేసినట్టయింది. అంటే ఆమెకూ ఆ ఆశ పుట్టింది. ఎవరికీ చెప్పకుండా, ఏ రోజో సెలవు పెట్టి, అదే ఆఫీసుకి మళ్లీ వెళ్లింది. తను సంతకం పెట్టిన కాగితమే ఆ తలుపు మూసేసిందని, అక్కడ బల్ల ముందు నిలబడి వింది.

ఇప్పుడు పంతులమ్మ అన్న పేరు ఎవరూ వాడరు. కింది గదిలో కొత్తవాళ్లకి ఆ పేరే తెలియదు. ఆదివారాలు ఆమె హాస్టలుకి వెళ్తుంది. ఆ వరండాలో వరసగా బెంచీలుంటాయి. అడుగుల చప్పుడు విని చెల్లెలు పక్కకి జరుగుతుంది. ఇద్దరూ ఏదో తెచ్చుకున్నది తింటారు. చెల్లెలు ఫోన్లో తిట్టేవాళ్ల గొంతులు అనుకరించి చూపిస్తుందట, పంతులమ్మ నవ్వుతుందట. పోయిన నెల ఒకసారి, మధ్యలో ఆపి, ఏమైనా చదువుతున్నావా అక్కా అని అడిగిందట.

లేదే అందట. చీకటి పడకముందే బస్సు దొరకాలని ఆమె లేచి వచ్చేసింది.