పొట్టేలు చెప్పిన ఊరు

దేవుడు నోరు తెరవాలంటే పొట్టేలు చెవిలో నీళ్లు పడాలి. ఈ సంగతి నేను పద్దెనిమిదేళ్లకే కనిపెట్టాను. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. దేవుడికి కోపమొస్తుందని కాదు, మా అత్తకు వస్తుందని. ఇప్పుడామె లేదు కనుక రాస్తున్నాను.

మా అత్తగారిది తుంగతుర్తి పక్కన పల్లె. గొర్రెలు కాసే ఇల్లు. అరవై గొర్రెలు, మామ, అత్త, నా మగడు, నేను. ఇంట్లో మర్యాద కూడా ఆ వరుసలోనే. ముందు గొర్రెలు, చివర నేను.

నవాబు పాలన ఆఖరి ఏడు ఊళ్లో బతుకు ఎట్లా ఉండేదంటే, పగలు ఖాకీ బట్టలవాళ్లు వచ్చి "రాత్రొచ్చినోళ్లకు బువ్వ పెట్టిండ్రా?" అని తన్నేవాళ్లు. చీకటి పడ్డాక అడవిలోంచి వచ్చేవాళ్లు "పగలొచ్చినోళ్లకు ఏం జెప్పిండ్రు?" అని నిలదీసేవాళ్లు. ఆశయాలు వేరు కావచ్చు గానీ ఆకలి ఒకటే. ఇద్దరూ మాట్లాడుతూ మాట్లాడుతూ మా మంద వైపే చూసేవాళ్లు. ఒక్కో ఇల్లూ ఖాళీ అవుతూ వచ్చింది. ఎండాకాలం చివరికి మా వాడలో మూడు పొయ్యిలే వెలిగేవి. ఇక మేమూ కదలాల్సిందేనని తేలిపోయింది. ఎటు అన్నదే తేలలేదు.

మామ మిర్యాలగూడ అన్నాడు. "కృష్ణ ఒడ్డు పొంటి గడ్డి ఉంటది. మా అక్క ఉన్నది. గొర్లు బతుకుతయి. గొర్లు బతికితే మనం బతుకుతం."

అత్త కోదాడ అంది. ఆమె పుట్టిల్లు అది. మామూలుగా మాలాగే మాట్లాడేది గానీ కోపమొస్తే మాట పుట్టింటికి వెళ్లిపోయేది. "మా అన్నలుండగా ఇంకెక్కడికో ఎందుకు? గొడవొస్తే నాలుగడుగులేసి సరిహద్దు దాటేస్తాం. మీ అక్క చేతి గంజి తాగటం కన్నా ఇక్కడ చావటం నయం."

"మీ అన్నలా? పోయినసారి పోతే నా కొత్త గొంగడి దాసుకున్నరు."

"దాచుకోలేదు, నువ్వే మర్చిపోయొచ్చావు!"

వారం రోజులు ఇదే. ఊరు తగలబడుతుంటే వీళ్లు గొంగడి దగ్గరే ఉన్నారు.

నన్నెవరూ అడగలేదు. మామ ముందు కోడలు నోరెత్తే కాలం కాదది. కానీ నాకు ఒక ఊరుంది. నాకప్పుడు ఎనిమిదో నెల. రెండేళ్ల కిందట మొదటి కాన్పులో బిడ్డ మెడకు పేగు చుట్టుకుని నల్లగా కమిలి పుట్టింది. మంత్రసాని వీపు చరిచింది, తలకిందులుగా పట్టుకుంది, మల్లన్నకు మొక్కింది. బిడ్డ ఏడవలేదు. "దేవుని బిడ్డ, దేవుడే తీస్కపోయిండు" అంది అత్త. తీసుకుపోయేవాడు ఇవ్వడమెందుకని నాకు ఒళ్లు మండింది. ఆ రోజు నుంచి నాకూ ఆ దేవుడికీ మాటల్లేవు.

సూర్యాపేట దవాఖానలో కాన్పులు చేసే నర్సమ్మ ఉందని, అడ్డం తిరిగిన బిడ్డల్ని కూడా బతికించిందని గాజులమ్మే ఆమె చెప్పగా విన్నాను. ఒక మధ్యాహ్నం పందిరి కింద నా మగడితో అన్నాను. "సూర్యాపేట పోదామని మీ అయ్యతోని జెప్పు. ఈ బిడ్డ గూడ పోతే నేను బతుకను."

"సూర్యాపేటల మనుషులకే జాగ లేదు, గొర్లకు ఏడ దొరుకుతది? అయ్య సంపుతడు" అన్నాడు. పొట్టేళ్ల కొమ్ములు పట్టి వంచే మనిషి, తండ్రి పేరెత్తితే మేకపిల్ల అయిపోయేవాడు. పక్కనే మంచం మీద మామ ముఖానికి తువ్వాల కప్పుకుని గురక పెడుతున్నాడు. ఆ గురకకే మావాడు గొంతు తగ్గించాడు.

మర్నాడు మామ తేల్చేశాడు. "మనతోని గాదు. పొట్టేలును అడుగుదం."

తెలియనివాళ్లకు చెప్పాలి. మా వైపు దేవుడికి పొట్టేలును కోసే ముందు దాని మీద నీళ్లు చల్లి నిలబడతారు. అది ఒళ్లు దులిపితే దేవుడు ఒప్పుకున్నట్టు. దులపకపోతే ఎంతసేపైనా చేతులు కట్టుకుని ఎదురుచూస్తారు. చావబోయే జంతువును చస్తావా అని అడిగే మర్యాద మాది. ఊరు మారడానికి కూడా దాన్నే అడగవచ్చని మా మామకు తప్ప ఎవరికీ తోచి ఉండదు.

"రెండు పేర్లతోని అడుగొద్దు, బేసి ఉండాలె" అని కూడా ఆయనే అన్నాడు. "మూడోది సూర్యాపేట అనుకుందం, గదే దగ్గర."

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం మా వాకిట్లో నిలబడితే ఆ మాట అబద్ధం కాదనిపించింది. మందలో పెద్ద పొట్టేలుకు బొట్టు పెట్టి నిలబెట్టారు. మామ మల్లన్నను తలచుకుని "మిర్యాలగూడ" అని నడుము మీద మూడు దోసిళ్ల నీళ్లు పోశాడు. పొట్టేలు నెమరు వేస్తూ నిలబడింది. చాలాసేపు చూశాం. ఎండలో ఆ తడి దాని ఒంటికి హాయిగా ఉన్నట్టుంది, కళ్లు కూడా మూసుకుంది.

అత్త చెంబు లాక్కుంది. నలుగురన్నల పేర్లూ చెప్పి "కోదాడ" అని పొట్టేలు ముఖం మీద నీళ్లు కొట్టింది. పొట్టేలు తుమ్మింది.

"ఒప్పుకుంది!"

"తుమ్మింది. తుమ్మితే అపశకునం. కోదాడ పోతే పాడెలు లేస్తయి" అన్నాడు మామ. తుమ్ముకు ఎదురు చెప్పే ధైర్యం మా అత్తకు కూడా లేదు.

"ఇగ సూర్యాపేట. నా నడుము వట్టింది. కోడలు పోస్తది" అన్నాడు మామే.

చెంబు నా చేతికొచ్చింది. పొట్టేలు ఎడమ చెవి నా వైపే దొన్నెలా తిరిగి ఉంది. ఊరి పేరు చెప్పానో లేదో గుర్తులేదు. చెంబెడు నీళ్లూ ఆ చెవిలో కుమ్మరించాను. పొట్టేలు కొమ్ముల నుంచి తోక దాకా దులిపిన దులుపుడుకు అందరం తడిసిపోయాం.

అత్త నన్ను నమిలేసేలా చూసింది. "కడుపుతో ఉన్నది పోస్తే ఎట్లా చెల్లుద్ది?"

"కడుపులున్నది గూడ మనింటి మనిషే. ఇద్దరు గలిసి పోసిండ్రు, ఇంక గట్టిగ జెల్లుతది" అన్నాడు మామ.

సూర్యాపేటలో మాకు ఒక గది కిరాయికి దొరికింది. గొర్రెలకు దొరకలేదు. నా మగడు చెప్పిందే నిజమైంది. ఎక్కడ మేపబోయినా అంతకుముందే వచ్చినవాళ్ల గొడ్లు నేలను నాకేసి ఉండేవి. కొన్ని జబ్బుతో పోయాయి, కొన్ని దొంగలపాలయ్యాయి, మిగిలినవి సంతకు పోయాయి. ఒక్కొక్క గొర్రె పోయినప్పుడల్లా అత్త "పొట్టేలు చెప్పింది కదా" అనేది, నా వైపు చూడకుండా.

మొదటి వానలకు నొప్పులు వచ్చాయి. ఈసారీ పేగు మెడకు చుట్టుకుంది. దవాఖానలో నర్సమ్మ నన్ను నానా తిట్లూ తిడుతూనే వేళ్లతో దాన్ని తప్పించింది. నా కూతురు ఏడ్చింది. వరండాలో ఉన్నవాళ్లందరూ చెవులు మూసుకునేలా ఏడ్చింది. నేను అంతకన్నా గట్టిగా ఏడ్చాను.

వానాకాలం ముగిసేసరికి సర్కారే మారిపోయింది. ఇంకో మూడు నెలలు ఓపిక పడితే ఎక్కడికీ పోనక్కర లేకపోయేదని అత్త లెక్క చెప్పింది. నా బిడ్డ మూడు నెలలు ఆగదుగా. పల్లెకు తిరిగి వెళ్లడానికి గొర్రెల మందే లేదు. మామ ఒక బియ్యం కొట్టు ముందు కర్ర పట్టుకుని కాపలాకు కూర్చున్నాడు. ఎదురుగా ఎవరి గొర్రెలు పోతున్నా లేచి నిలబడేవాడు.

మా అమ్మాయికి ఏడేళ్లప్పుడు చుట్టాల ఊళ్లో పండుగకు వెళ్లాం. ఒక మొండి పొట్టేలు పొద్దెక్కినా ఒళ్లు దులపలేదు. పెద్దలందరూ మొక్కీ మొక్కీ అలసిపోయారు. మామ లేచాడు. వీపు మీద నీళ్లు నిమురుతున్నట్టే నిమిరి, ఎవరికీ కనిపించకుండా బొటనవేలితో రెండు చుక్కలు చెవిలోకి జార్చాడు. పొట్టేలు దులిపింది. డప్పులు మోగాయి.

నేను కనిపెట్టానని గర్వపడ్డది ఆయనకు పుట్టుకతో వచ్చిన విద్య.

తిరిగి వస్తూ అడిగాను. అప్పటికి నాకు నోరు వచ్చింది. "మామా, మిర్యాలగూడకు పోసిన్నాడు నీ బొటనవేలు ఏడికి వోయింది?"

నా కూతురు ఆయన చెయ్యి పట్టుకుని గెంతుతోంది. ఆయన నా వైపు చూడలేదు.

"ఆ పొద్దు బాగ సలి ఉండె బిడ్డా. సెవుల నీళ్లు వడితే పొట్టేలుకు సర్ది అయితదని పొయ్యలే."

రోహిణి కార్తెలో చలి. ఆనాడు పందిరి కింద తువ్వాల చాటు గురక కూడా ఇంతే నిజమన్నమాట. కృష్ణ ఒడ్డు గడ్డినీ, తోడబుట్టిన అక్కనూ, అరవై గొర్రెలనూ వదులుకున్న మనిషికి అంతకన్నా మంచి అబద్ధం దొరకలేదు. ఏడుపు కనపడకుండా నేను ముందు నడిచాను.